రంగూన్ లైసెన్సు, బొంబాయి రోడ్డు

రంగూన్‌లో నేను బియ్యం మిల్లు లారీ నడిపేవాణ్ణి. మావాళ్ళలో చాలామంది మాకంటే ముందే ఓడలెక్కి వచ్చేశారు. మేము డెబ్బయ్యో దశకం మొదట్లో వచ్చి, నా బావమరిది ఫిట్టరుగా పనిచేస్తున్న పటాన్‌చెరులో ఒక గది కిరాయికి తీసుకున్నాం. అతని కర్మాగారంలో మేనేజరు జీపుకు డ్రైవరు కావాలన్నారు. ఇక్కడి లైసెన్సు తెచ్చుకుంటే ఉద్యోగం నాదే. నెలాఖరు దాకా చూస్తామన్నారు. అందాకా నాకు బస్తాలు మోసే పని ఇచ్చారు. అది నా ఒంటికి పడే పని కాదని మొదటి వారంలోనే తెలిసిపోయింది.

సంగారెడ్డిలో లైసెన్సుల ఆఫీసుకు వెళ్ళి నా రంగూన్ లైసెన్సు గుమాస్తా ముందు పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏందయ్యా గిది? జిలేబీలు సుట్టినట్టున్నది."

"బర్మా అక్షరాలండీ. మన అక్షరాలూ గుండ్రమే కదా."

"మనయి సదవొస్తయి. గియి ఎవరు సదవాలె?"

"నేను చదువుతానండీ."

"నీ కాగితం నువ్వే సదివి, దానికి నువ్వే సాక్షివా? మంచిగున్నది!"

పక్క బల్ల దగ్గరివాళ్ళు కూడా నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు. ఢిల్లీలో ఉన్న బర్మా వాళ్ళ రాయబారి కచేరీకి పంపి తర్జుమా తెప్పించుకోవచ్చన్నాడు. అది ఎప్పటికి వస్తుందో ఆ దేవుడికే తెలియాలన్నాడు. దానికంటే కొత్తగా నేర్చుకునేవాడిలా ఎల్ బోర్డు పెట్టుకుని పరీక్షకు రమ్మన్నాడు. పన్నెండేళ్ళు లారీ నడిపినవాడికి ఎల్ బోర్డు! సరే అన్నాను.

"మధ్యాహ్నం రా" అని వాళ్ళు పంపినప్పుడల్లా సంగారెడ్డి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. రంగూన్ తెలుగు బడిలో నేను చదివింది మూడో తరగతే. తక్కిన చదువంతా ఇలాంటి బల్లల దగ్గర సంపాదించుకున్నదే. అలా చెప్పుకోవడం నాకెప్పుడూ నామోషీ కాలేదు. మోటారు బండ్ల నియమాల పుస్తకం ఒకటి అక్కడ దొరికింది. చేతి సైగలు, మలుపులు, ముందుబండిని దాటడం, అన్నీ కంఠతా వచ్చేదాకా చదివాను. పరీక్ష సగం అయిపోయినట్టే అనుకున్నాను.

ఎల్ బోర్డు బండిలో లైసెన్సున్న మనిషి పక్కన ఉండాలి. మా ఇంటి ఓనరుకు భానూరులో పొలం ఉంది, ఒక పాత జీపు ఉంది, లైసెన్సూ ఉంది. జీపు నడపడమంటే మాత్రం ఆయనకు భయం. పొలానికి తీసుకుపోయే డ్రైవరు దొరికాడని ఆయన సంతోషం, నేర్చుకోవడానికి బండి దొరికిందని నా సంతోషం. నన్ను "బర్మా" అని పిలిచేవాడు. నేను "అన్నా" అనేవాణ్ణి.

ఇక్కడ రంగూన్ సంగతి ఒకటి చెప్పాలి. అక్కడా మొదట ఇక్కడిలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడిపేవాళ్ళం. మేము వచ్చే ముందు ప్రభుత్వం ఉన్నట్టుండి అందరినీ కుడి పక్కకు మార్చింది. రోడ్డు మారింది గాని బండ్లు మారలేదు. స్టీరింగు కుడివైపే ఉండిపోయింది. ముందు ఒక బండి అడ్డం ఉంటే డ్రైవరుకు ఎదుటి రోడ్డు కనబడదు. ఎడమ సీటులో కూర్చున్న క్లీనరు తల బయటపెట్టి చూసి చెప్పాలి. "ముందు ఖాళీయేనా?" అని అడగడం, అతను "ఖాళీ" అనడం, దాటడం. మా ప్రాణాలు అతని కంటిమీద ఉండేవి.

భానూరు దారిలో నేను అదే అడిగేవాణ్ణి. ఓనరు "ఆఁ, ఖాళే, పో పో" అనేవాడు. ఒకరోజు గడ్డిబండిని దాటబోతే ఎదురుగా బస్సు. బ్రేకు మీద నిలబడ్డంత పనయింది.

"ఖాళీ అన్నారు కదన్నా!"

"నాకేం కనవడుతది బర్మా? నా దిక్కు అన్నీ జొన్న చేన్లే. నువ్వడిగినవ్, నేను చెప్పిన."

"కనబడకపోతే లేదని చెప్పాలి కదా!"

"పొద్దుగాల పొద్దుగాల అడిగినోనికి లేదంటె బాగుంటదా?"

అప్పుడు నాకు తెలిసింది. ఇక్కడ నడిపేది ఎడమ పక్కన కాబట్టి, ఎదుటి రోడ్డు కనబడేది కుడి సీట్లో ఉన్న నాకే. అడగవలసిన పనే లేదు. ఆ రోజునుంచి నోరు కట్టుకున్నాను. కట్టుకున్నాననే అనుకున్నాను.

పరీక్ష రోజు ఇన్‌స్పెక్టరు నా ఎడమ పక్కన కూర్చున్నాడు. ఓనరు వెనక సీట్లో. నియమాలు అడిగితే గడగడా చెప్పాను. "పుస్తకం మింగినవా ఏంది?" అన్నాడు. నాకు లోపల పొంగింది. బొంబాయి రోడ్డెక్కించాడు. కొంచెం దూరం పోగానే ముందు చెరుకుబండి. గేరు మార్చాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ముందు ఖాళీయేనా?"

వెనకనుంచి ఓనరు, "ఖాళే, పో పో!"

ఇన్‌స్పెక్టరు ముందు నన్ను చూశాడు, తర్వాత వెనక్కి తిరిగాడు. "లైసెన్సు నీకా, ఆయనకా? నడిపేదెవరు, చెప్పేదెవరు?" ఓనరు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "నీకు కండ్లు గిట్ల కనవడయా?" అని ఇన్‌స్పెక్టరు నన్నడిగాడు.

ఉద్యోగం పోయిందనుకున్నాను. రంగూన్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. నేను కంఠతా పట్టిన నియమాల పుస్తకంలో దాటడం గురించి ఒక అధ్యాయమే ఉంది. పక్కవాణ్ణి అడగవద్దని మాత్రం అందులో ఎక్కడా లేదు.

"ఆ బండెనకనే పో. నువ్వే సూసి, నువ్వే దాటాలె. నోరు తెరిస్తే దిగిపోత" అన్నాడు.

బండివాడు చెరుకు మీద పడుకుని నిద్రపోతున్నాడు. ఎద్దులకు దారి తెలుసు, తొందర తెలియదు. వాటి వెనకే పాకుతూ పోయాను. ఒకసారి కుడికి జరిగి చూశాను, లారీ వస్తోంది, వెనక్కి తగ్గాను. మళ్ళీ చూశాను, దుమ్ములో ఏమీ తెలియలేదు, ఆగాను. మూడోసారి రోడ్డు చివరిదాకా కనబడింది. దాటాను.

"ఇగ ఆపు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కనవడనప్పుడు ఆగినవ్ సూడు, అందుకే ఇస్తున్న."

తిరిగి వచ్చేటప్పుడు ఓనరు, "నేను ఖాళే అన్నందుకే నీకు లైసెన్సొచ్చింది, యాదుంచుకో" అన్నాడు.

నెలాఖరుకు ముందే జీపు తాళాలు చేతికొచ్చాయి. మేనేజరు ఎడమ సీట్లో కూర్చుని కాగితాలు చూసుకునేవాడు. ఏ బండినైనా దాటే ముందు నా పెదవులు కదిలేవి కాబోలు, "ఏమన్నావు?" అని తలెత్తేవాడు.

"ఏం లేదు సార్" అని, నేనే చూసుకుని దాటేవాణ్ణి.