మామ్మ చదివిన తెల్లకాగితం

దెయ్యాలూ చేతబడులూ అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా అనంతగిరి కొండల్లో జ్వరానికి మందు అందక పోయినవాళ్లను చూశాను గానీ, దెయ్యం పట్టి పోయినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. అయినా ఇది జరిగింది కాబట్టి రాస్తున్నాను.

డెబ్బైల్లో మాట. నేను నాలుగో తరగతి. ‘చదువు’ అని రాయమంటే పలక మీద ‘సదువు’ అని రాశాను. మాస్టారు ఆ పలక ఎత్తి తరగతికంతా చూపించి నవ్వాడు. ఇంట్లో ఎలా అంటామో అలా రాశాను. అదేమైనా నేరమా? మర్నాటినుంచి బడి మానేశాను. ఎందుకు మానేశానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక అక్షరం ముట్టను, సోమవారం నుంచి కాఫీ తోట పనికి పోతానన్నాను. మామ్మ ముఖం మాడ్చుకుంది.

ఆ వానల్లో నాకున్న ఆట ఒక్కటే. చీపురుపుల్లని నిమ్మరసంలో ముంచి కాగితం మీద బొమ్మో మాటో గీయడం. ఆరితే ఏమీ కనబడదు. కుంపటి సెగకి పడితే గోధుమరంగులో తేలుతుంది.

మామ్మది వేలిముద్ర. అయినా ఆరిన కాగితాన్ని వేలితో తడిమి ‘పనస’, ‘మేక’ అని చెప్పేసేది. సెగకి పడితే అదే మాట తేలేది. తేలిన అక్షరాలు చూపిస్తే మాత్రం, “ఇదేటిరా, సీమలు పాకినట్టున్నాది!” అని నవ్వేది.

నేను గొణుక్కుంటూ రాసేది దొంగచాటుగా వింటోందనుకున్నాను. ఎలాగైనా పట్టుకోవాలని, ఆదివారం మధ్యాహ్నం కొత్త నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, ఏమీ రాయకుండా ఇచ్చాను. ఆ రోజు నిమ్మకాయే కొయ్యలేదు.

చాలాసేపు తడిమింది. “సదువు” అంది.

“ఓడిపోయావే మామ్మా! నేనేటీ రాయలేదు.”

“నువ్వు రాయకపోతే ఎవుడు రాసాడ్రా గుంటడా? సెగకెట్టు ముందు.”

పెట్టాను. తేలింది. ‘స’తోనే. కొమ్ము నేను లాగినంత వంకరగానే ఉంది. మా ఇంట్లో రాయడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే.

“ఆ మేస్టరు నవ్వింది దీనికేనేటి?” అంది మామ్మ. “సక్కగానే ఉంది కదరా. మళ్లీ రాయి.”

సోమవారం తోటకి పోయాను. ఆ మాస్టారి ముందు మళ్లీ నిలబడలేదు. కానీ పొట్లాల కాగితాలూ బస్సు బోర్డులూ పట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను.

ఆ మాట ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలీదు. నువ్వే ఎప్పుడో రాసి మరిచిపోయుంటావు అంటారు పెద్ద చదువులు చదివినవాళ్లు. మరిచిపోయే మనిషినైతే ముందు ఆ నవ్వునే మరిచిపోయేవాణ్ని.