ఉప్పు మూట కాల్చిన పాదం

2003 వేసవిలో నేను రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాను. రాజోలు వైపు కొబ్బరి దింపు తీసే సత్తిబాబు చెట్టు మీంచి పడ్డాడు. స్పైనల్ కార్డ్, అంటే వెన్నుపూసల లోపలి నుంచి పోయే నరాల తాడు, దెబ్బతింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. నెల తిరక్కుండా మళ్ళీ తెచ్చారు. కుడి అరికాలంతా కాలి, బొబ్బలు చితికి, చీము పట్టింది. పుండు ఎముకకి పాకితే పాదం తీసేయాలన్నారు సర్జన్.

"స్పర్శ లేని కాలికి ఉప్పు కాపడం పెడతారా? బుద్ధుందా మీకు?" అని ఆయన సత్తిబాబు తల్లి మంగమ్మ మీద వార్డంతా వినబడేలా కేకలేశారు. కాళ్ళు లాగుతున్నాయంటే ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టడం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే.

"తెలుస్తోంది, పెట్టమన్నాడండి," అంది మంగమ్మ.

"మళ్ళీ అదే నాటకం! పోయినసారీ ఇంతే. పక్కటెముక మీద చెయ్యేస్తే కాలికి తగిలిందన్నాడు. అబద్ధమని అప్పుడే చెప్పానా లేదా?" అంటూ ఆయన వెళ్ళిపోయారు.

నాకు అనుమానం వచ్చింది. అబద్ధమాడాలనుకున్నవాడు ఇంత విచిత్రమైన అబద్ధం ఎందుకు ఆడతాడు? సత్తిబాబు కళ్ళ మీద తువ్వాలు వేసి, సెన్సరీ లెవెల్, అంటే స్పర్శ ఎక్కడ ఆగిపోయిందో, పరీక్షించాను. బొడ్డు కింద ఏమీ లేదు. పాదానికి పిన్ను గుచ్చినా తెలియలేదు. దూది కుడి పక్కటెముక మీద ఆనించాను.

"పక్కన తగిలిందండి. అరికాల్లో కూడానండి, ఎవరో గోకినట్టు."

రెండోసారీ, మూడోసారీ అదే మాట.

"మెదడులో ఒంట్లో ప్రతి భాగానికీ ఒక చోటుంటుంది," అని ఇద్దరికీ చెప్పాను. "కాలి చోటు పక్కనే ఈ పక్కటెముకల చోటు. కాలి నుంచి కబుర్లు ఆగిపోయాక పక్కవాటి కబుర్లు అందులోకి వస్తాయి. గట్టు తెగి పక్క చేలో నీళ్ళు ఎండిన చేలోకి వచ్చినట్టు. మెదడు మాత్రం అది కాలి కబురే అనుకుంటుంది."

కాపడం ఎలా పెట్టిందో చూపించమన్నాను. మంగమ్మ కొడుకుని ఒత్తిగిలించి, మోకాళ్ళు మడిచి, దొర్లిపోకుండా ఎడమ చేత్తో పక్కటెముకల దగ్గర నొక్కి పట్టుకుంది. కుడి చెయ్యి పాదం మీద పెట్టింది. ఎడమ చెయ్యి సరిగ్గా నేను దూది ఆనించిన చోటే ఉంది. "తెలుస్తోందా నాన్నా?" అని అడిగినప్పుడల్లా అతనికి అరికాల్లో తెలిసింది ఆ చెయ్యే. మూట వేడి అతనికి చేరనే లేదు.

"అయితే నేను అబద్ధమాడలేదన్నమాటేనా అండి?" అన్నాడు సత్తిబాబు. పాదం సంగతి ఆ తర్వాత అడిగాడు.

నేను సర్జన్ గదికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయనకి కొత్తేమీ కాదు. "ఇలాంటివి ఉంటాయిలే అమ్మా. వీళ్ళకి చెబితే మాత్రం అర్థమవుతుందా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తెలిసుండే ఆ మనిషిని అబద్ధాలకోరన్నారన్నమాట!

"చెప్పకుండా ఎలా అర్థమవుతుందండీ?" అన్నాను. ఆయన ఫోను అందుకున్నారు.

పాదం దక్కింది గానీ రెండు వేళ్ళు తీసేశారు. కట్టు మార్చే రోజున మంగమ్మని అడిగాను, "స్పర్శ లేదని డాక్టరు గారు ముందే చెప్పారు కదండీ, మరెందుకు పెట్టారు?"

"స్పర్శ లేదని చెప్పి ఆయన ఊరుకునుంటే పెట్టకపోదునమ్మా. నా కొడుకు అబద్ధాలాడుతున్నాడన్నారు. వాడు ఆడడండి. అందుకే వాడి మాట మీద ఇంకాసేపు పెట్టాను."

ఆ తర్వాత నా చేతికొచ్చిన, స్పర్శ పోయిన ఏ పేషెంటైనా కాలికి తగిలిందంటే, ముందు "నిజమే, నీకు తగిలింది" అంటాను. ఆ పైనే ఎందుకు తగిలిందో, కాలికి వేడి ఎందుకు చూపించకూడదో చెబుతాను. అలా చెబితే ఇంటిల్లిపాదీ వింటారు. ముందే అలా చెప్పి ఉంటే మంగమ్మ కూడా వినేది.