చిన్నాయిన ఫోన్‌కు నేను పెట్టిన పాట

తెలంగాణ కోసం సమ్మె జరిగిన ఏడు మా కాలేజీ మూతపడ్డది. హైదరాబాద్ల ఇంట్ల కూసుంటే అందరితోని కొట్లాట పెట్టుకుంటున్ననని నాయిన నన్ను బచ్చన్నపేటకు తీస్కపోయి, చిన్నాయిన ఇంట్ల దించి వొచ్చిండు. దించిన రెండొద్దులకు బస్సులు బందైనయ్. ఇగ నేను ఆడనే.

చిన్నాయినది మోటర్ వైండింగ్ దుకాణం. బోరు మోటర్ కాలిపోతే రైతులు ఆయనకే ఫోన్ చేస్తరు. రాగి తీగ చుట్టేటప్పుడు చుట్లు మనసుల లెక్కవెట్టుకుంటడు. పలకరిస్తే తల ఊపుతడు. తీగ చుట్టనప్పుడు గుడ గంతే. ఊరోళ్లు ఆయనకు ఎన్నడో పేరు పెట్టిండ్రు: రాయి.

చిన్నమ్మ ఉన్నప్పుడు గా ఇల్లు గిట్ల లేకుండె. నా చిన్నప్పుడు ఎండకాలం సెలవులకు పోతే, ఇద్దరి మాటలు ఆమె ఒక్కతే మాట్లాడేది. "మీ చిన్నాయిన ఏమంటుండో ఎర్కేనా? పచ్చిపులుసుల ఉప్పు తక్కువైందంటుండు," అనేది. ఆయన తల గుడ ఎత్తకపోతుండె, ఉప్పు డబ్బా మాత్రం తనదిక్కు గుంజుకుంటుండె. నేను నవ్వి నవ్వి పొలమారుతుంటి.

సమ్మెల నేను పోయేటాళ్లకు ఆమె కాటారం దిక్కు తల్లిగారింటికి పోయి ఏడు నెలలు. కొట్లాట ఏం కాలే. ఆమె జెరమొచ్చి మూడొద్దులు పండుకుంటే ఆయన దవాఖానకు పోయి మందులు తెచ్చి గూట్ల పెట్టిండంట. ఎట్లున్నవని ఒక్క మాట అడగలేదంట. నాలుగో దినం బట్టలు సదురుకొని పోయింది. ఆయన ఒక్కపారి తోల్కరానికి పోయిండు. వాళ్లింట్ల మంచంల కూసుండి, చాయ తాగి, నోరు ఇప్పకుండ మర్ల వొచ్చిండు. వాడకట్టుల సగం మంది "ఆమెకు నోరెక్కువ" అన్నరు, సగం మంది "ఆయనకు దిల్ లేదు" అన్నరు. నేను రెండో సగం.

కని నాకు ఎవ్వరి తీర్పు అక్కర్లేకుండె. చిన్నమ్మ రావాలె. గా ఇంట్ల గా మాటలు మల్ల ఇనపడాలె. పొద్దుగూకితే వంటింట్ల మేమిద్దరం చప్పుడు చేయకుండ తింటుంటే, ఆమె మాటలు తల్సుకొని నాకు అన్నం దిగకపోతుండె.

అప్పుడు ఊర్ల ఎవ్వరికి ఫోన్ చేసినా తెలంగాణ పాటే. డప్పు మోగుతది, గొంతు లేస్తది, ఆఖరికి మనిషి ఎత్తుతడు. గా పాటను బట్టే మనిషి ఎసొంటోడో చెప్తుండ్రి. పాట లేనోన్ని అనుమానంగ సూస్తుండ్రి. మా చిన్నాయినకు చేస్తే ఉత్త ట్రింగ్ ట్రింగ్. పక్క దుకాణం అన్న ఒకనాడు నన్ను గెలికిండు: "పట్నం పిల్లా, మీ చిన్నాయినకు తెలంగాణ వద్దా ఏంది?"

నాకు కోపం ముక్కు మీదుంటది. చిన్నాయిన అన్నం తింటుంటే ఆయన ఫోన్ తీస్కొని, గా అన్నకే చేసి, పాట ఇనపడంగనే స్టార్ నొక్కిన. అప్పట్ల గట్లనే, ఒకరి పాట ఇంకొకరి ఫోన్‌కు వొస్తుండె.

గా పాట పెట్టుకున్నోనికి ఇనపడది. చేసినోనికే ఇనపడ్తది. అందుకే ఆయనకు నాలుగొద్దులు తెల్వలే. ఒక రైతు వొచ్చి, "ఏం పాట పెట్టినవే! గిప్పుడు మనిషివైనవ్," అని భుజం చరిస్తే, మెల్లగ నాదిక్కు సూశిండు.

"తీసెయ్ బిడ్డా."

"ఎందుకు తీయాలె? నీకు ఏదీ పట్టదా? తెలంగాణ పట్టది, చిన్నమ్మ పట్టది. జనం నిన్ను రాయి అంటుంటే నా ఇజ్జత్ పోతుంది!"

గా రైతు ముందటనే అన్న. చిన్నాయిన చేతుల తీగ ఆగింది. లెక్క తప్పినట్టుంది, చుట్టిందంత ఇప్పి మల్ల మొదటినుంచి షురూ చేసిండు. నేను పాట తీయలే.

రెండొద్దులకు ఒక పగటిపూట నేను ఆయన ఫోన్ల పాము ఆట ఆడుతుంటే ఫోన్ మోగింది. తెల్వని నంబర్. ఎత్తేలోపట్నే కట్టైంది.

"ఎవలు బిడ్డా?"

"ఎవలో, పెట్టేసిండ్రు," అని గా నంబర్ ఫోన్లకెల్లి కొట్టేసి మల్ల ఆట షురూ చేసిన.

సమ్మె అయిపోయింది, బస్సులు నడిసినయ్, నేను పట్నం వొచ్చిన. తర్వాత తెలంగాణ గుడ వొచ్చింది. చిన్నమ్మ రాలే. భూపాలపల్లిల ఆడపిల్లల హాస్టల్ల వంటకు కుదిరిందని ఎవలో చెప్పిండ్రు.

మల్ల కొన్నేండ్లకు ఆమె మహబూబాబాద్ల సుట్టాల పెండ్లిల దొరికింది. అదే నోరు. "ఏందే, గా ఫోన్ నీ చెయ్యికి అతికిందా?" అన్నది. నేను ఆగలేక సీదా అడిగిన: "ఎందుకు మర్ల పోలే చిన్నమ్మా? ఒక్క ఫోనన్న చెయ్యకపోతివి?"

"చేసిన. గా సమ్మెల, కాటారం కిరాణా దుకాణం కాడ నిలవడి చేసిన. బస్సులు నడిస్తే వొస్త, బస్సుల అడ్డ కాడికి రమ్మని చెప్దామనుకున్న. పాట మోగింది. డప్పులు, దరువులు! నేనున్ననాడు నోరు మెదపని మనిషి, నేను పోంగనే పాటలు పెట్టుకున్నడు, ఖుషీగున్నడు అనుకున్న. పెట్టేసిన."

"గా పాట నేను పెట్టిన. ఆయన తీసెయ్యమన్నడు. నేనే తీయలే," అన్న.

ఆమె నన్ను తిట్టుతదనుకున్న. తిట్టలే. గాజులు సదురుకున్నది. "ఇంకోపారి చేస్తే నా సొమ్మేం పోతుండె? చెయ్యలే. నాది గుడ తక్కువ మొండి తలకాయ కాదు."

"ఇప్పుడు చెయ్యనా?" ఫోన్ తీసిన. నా మణికట్టు పట్టుకున్నది.

"వద్దు బిడ్డా. పొద్దుగాల్నే పోరిలకు ఉప్మా చెయ్యాలె," అన్నది. నా చెయ్యి ఇడ్సి, "మోటర్ల చప్పుడుకు ఆయనకు చెవులు మందమైనయంట, నిజమేనా?" అని అడిగింది.

"జరంత."

"అయితే గట్టిగ మాట్లాడాలె." అని లేసి, భూపాలపల్లి బస్సుకు పోయింది. బస్టాండు దాక నేనే తోలిచ్చిన.

ఆ బస్సు కదలంగనే చిన్నాయినకు ఫోన్ చేసి అంత చెప్పిన. పాట సంగతి, నేను కొట్టేసిన నంబర్ సంగతి, ఆమె వొస్తననుకున్న సంగతి. అటుదిక్కు నుంచి ఏం లేదు. ఎప్పటి నేనైతే "మాట్లాడు!" అని ఒర్లుతుంటి. ఊకున్న.

శానసేపటికి అడిగిండు, "సీటు దొరికిందా ఆమెకు?"

"దొరికింది చిన్నాయినా," అన్న. నిజానికి నేను సూడలే. ఆమె బస్సెక్కుతుంటే నేను ఫోన్ల ఆయన నంబర్ ఎతుక్కుంట నిలవడ్డ.