మామయ్య చూపు పైనే

"మీకు మెడ నొప్పా, లేక నా మొహం చూడ్డం ఇష్టం లేదా?"

పెళ్ళికి ముందు మొదటిసారి కలిసినప్పుడు మా అత్తయ్య మామయ్యను అడిగిన ప్రశ్న ఇది. ఆయన జవాబు: "మీరు కాస్త ఇటు జరిగి కూర్చోండి. పైన పెచ్చు ఊడేలా ఉంది."

మామయ్య కట్టడాల ఇంజినీరు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు చూసేది పైకప్పునే. మనుషులు తర్వాత, తీరిక ఉంటే. పోయినవాళ్ళందరికీ గొప్ప గుణాలు అంటగట్టే రాతలంటే నాకు చిరాకు. అదృష్టం కొద్దీ ఈయన బతికే ఉన్నాడు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆపరేషనైన పక్కింటాయన్ని చూడబోయి, "ఎలా ఉంది?" అన్నాడు.

"నొప్పి తగ్గిందండీ."

"అది కాదు, మీ స్లాబు. వానొస్తే కారుతోందా?"

ఆయన్ని మనసారా మెచ్చుకునేది సెలూన్ అతనొక్కడే. "గడ్డం గీసేటప్పుడు తలెత్తమని చెప్పక్కర్లేని మనిషండీ!"

మా అమ్మ తన కుట్టుపనికి కొత్త భవనం కట్టించింది. కింద బట్ట కత్తిరించే గది, పైన ఇరవై మిషన్లు. తెరిచిన రెండో నెలలో మామయ్య వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కూర్చో అన్నయ్యా, టీ తాగు."

"ముందు అందర్నీ బయటికి పంపు."

"మళ్ళీ మొదలెట్టావా? ఎల్లుండి ఆర్డరివ్వాలి! పగుళ్ళు లేని కొంప ఎక్కడుంటుంది?"

"నిలువు పగులైతే నీ టీ తాగే చెప్పేవాణ్ణి. ఇది పిల్లరు పక్కనుంచి ఏటవాలుగా పాకుతోంది. ఇలాంటి బీము విరిగితే చెప్పి విరగదమ్మా."

సాయంత్రానికల్లా బీము కింద జాకీలు నిలబెట్టించాడు, మిషన్లన్నీ దింపించాడు. మర్నాడు లోపలి ఇనుము జాడ చెప్పే పరికరం తెచ్చి బీము పొడవునా జరిపాడు. పొడుగు చువ్వలను చుట్టి పట్టుకునే రింగులు పిల్లరు దగ్గరే ఒత్తుగా ఉండాలి. మూడడుగుల మేర ఒక్కటీ లేదు. అన్నీ పని ఎగ్గొట్టిన గుమాస్తాల్లా నడిమధ్యన గుంపుగా చేరాయి.

భవనం కట్టిన మేస్త్రీని పిలిపించారు.

"లెక్క ప్రకారం అన్నీ వేశానండీ."

"వేశావు. అవి అక్కడికెందుకు పోయాయి?"

మేస్త్రీ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పిల్లరు దగ్గర ఇనుము ఇరుగ్గా ఉంటే అడ్డం లేకుండా పక్కకి జరిపానండీ. మళ్ళీ సర్దుదామనుకున్నా. ఇంతలో కాంక్రీటు బండి వచ్చేసింది..."

అమ్మ మామయ్య వైపు తిరిగింది. "కూల్చేయాలా అన్నయ్యా? సంపాదించిందంతా ఇందులోనే పోశాను."

"చొక్కా చిరిగితే పారేస్తావా? కుడతావు. ఇదీ అంతే."

పగులు మీద సన్నటి గాజుపలక అంటించాడు, బీము కదిలితే అది చిట్లుతుంది. కిందనుంచి నిలువునా రంధ్రాలు వేయించి, దుమ్ము ఊదించి, కాంక్రీటుని పట్టే జిగురు నింపి, లేని రింగులకు బదులుగా చువ్వలు దూర్పించాడు. జిగురు గట్టిపడేదాకా జాకీలను ముట్టనివ్వలేదు. ఆర్డరు వారం ఆలస్యమైంది; అమ్మ తిట్లూ తిన్నది ఆయనే.

చివరికి జాకీలు దించి మిషన్లు పైకెక్కించారు. ఇరవై మిషన్లూ ఒక్కసారిగా గడగడలాడాయి. గాజు చెక్కుచెదరలేదు. అమ్మ గోడకి ఆనుకుని నవ్వడం మొదలెట్టి ఆపలేకపోయింది.

"అన్నయ్యా, ఇప్పుడైనా టీ తాగుతావా?"

"రెండు కప్పులు పొయ్యి."

ఇంటికెళ్తూ నేనడిగాను. "మామయ్యా, ఆ రోజు మేస్త్రీ మాట్లాడుతుంటే అరగంట ఆ బీమునే చూశావు. అప్పటికే అంతా తేలిపోయిందిగా, ఇంకా అక్కడేముంది?"

"ఏమీ లేదురా. అంత పెద్దమనిషి ఏడుస్తుంటే, మరెక్కడ చూడమంటావు?"

మేస్త్రీకి ఇక పని దొరకదనుకున్నాం. మామయ్య తన తర్వాతి కట్టడానికి అతన్నే పెట్టుకున్నాడు. "కాంక్రీటు పొయ్యడానికి ముందు రింగులు మూడుసార్లు లెక్కపెట్టే మేస్త్రీ ఇంకెవడున్నాడు?" అంటాడు.

జిగురు, చువ్వల ఖర్చు మామయ్యే పెట్టుకున్నాడు. ఆ డబ్బు మేస్త్రీ ఆయనకి నెలనెలా తీరుస్తున్నాడు. ఇంకా పదకొండు వేలు బాకీ.