పట్కారు కుదరని వోప్కె

వోప్కెకి పట్కారు కుదరదు. ఆయన గురించి చెప్పాల్సింది ఇంతే. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే. కొందరికి చెప్పులు కుదరవు, కొందరికి పొరుగువాళ్ళు కుదరరు. వోప్కెకి చేప నోట్లోంచి కొక్కెం తీసే పట్కారు కుదరదు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఒకటి చలికి బిగుసుకుపోతుంది, ఒకటి తడికి జారిపోతుంది. ఒక్కోసారి అన్ని విధాలా బాగున్నది దొరుకుతుంది. అప్పుడు ఆయనకి అనుమానం వస్తుంది.

మా ఊరి కాలువ వంతెన పక్కన గాలాల కొట్టు నాది. డచ్చి దేశపు ఈ మూల, ఫ్రీస్‌లాండ్‌లో, నీళ్ళు కనపడకూడదంటే కళ్ళు మూసుకోవాలి. అందుకని కొట్టు నడుస్తుంది. వోప్కె వల్ల మాత్రం కాదు. ఆయన వస్తాడు, టోపీ తీసి వాన దులుపుతాడు, పట్కార్లు వేలాడే గోడ ముందు నిలబడతాడు. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని తెరుస్తాడు, మూస్తాడు.

"ఏమంటోంది?" అంటాను.

"దగ్గుతోంది, బౌక్యె. కీలు దగ్గర."

"కొత్తది వోప్కె. నిన్ననే వచ్చింది."

"అదే చెప్తున్నా. పుట్టగానే దగ్గితే పెద్దయ్యాక ఏం చేస్తుంది?"

కొనకుండా పోడు. కొంటాడు. వారం తిరక్కుండా తెచ్చి ఇచ్చేస్తాడు. నేను తీసుకుంటాను. వాడినట్టు ఉండవు మరి. ఆ పట్కార్లేవీ చేప మొహం చూసి ఎరగవు.

మా దగ్గర అందరూ పట్టేది స్నూక్‌ని. మొసలికి చేప జన్మ వస్తే అలా ఉంటుంది. పొడుగు మూతి, నోటినిండా సూదులు. పట్టడం, కాసేపు చూడటం, మళ్ళీ నీళ్ళలో వదలడం. ఎవరూ తినరు. పట్టడం సులువే. కొక్కెం విప్పి, దానికి దెబ్బ తగలకుండా, మన వేళ్ళు మనకి మిగిలేలా వదలడం కష్టం.

వోప్కె చేపలు పట్టడానికి వెళ్ళడు. చేపల్ని వదలడానికి సిద్ధమవడానికి వెళ్తాడు. గట్టు మీద ముందు మెత్తటి పరుపు పరిచి నీళ్ళు చల్లుతాడు, చేప ఒంటి జిగురు పోకూడదు కాబట్టి. పక్కన రబ్బరు వల, కొక్కెం చిక్కుకోకుండా. తర్వాత ఒక గుడ్డ పరిచి దాని మీద తిన్నని పట్కారు, వంపు పట్కారు, లోపలికి దిగిన కొక్కేన్ని తుంచే కత్తెర. గుడ్డ ఒక మూల ముడత పడుతుంది. అన్నీ తీసి మళ్ళీ పరుస్తాడు. ఇంతలో మిగతావాళ్ళు కాఫీ తాగి, కబుర్లు చెప్పుకుని, ఇళ్ళకి బయల్దేరుతారు.

ఒకసారి పాపం ఒక స్నూక్ ఆయన గాలానికి తగులుకుంది. వలలోకి తీసుకున్నాడు. వలని నీళ్ళలోనే ఉంచాడు, అది సరైన పద్ధతే. ఆ తర్వాత తిన్ననిదా, వంపుదా అని ఆలోచనలో పడ్డాడు. ఒకటి తీశాడు, పెట్టాడు. రెండోది తీశాడు. చేప ఆయన్ని కొంతసేపు చూసింది. తల ఒక్క విదిలింపు విదిలించి కొక్కేన్ని వల్లో వదిలేసి, వల అంచు మీంచి దూకి వెళ్ళిపోయింది.

"పోయిందా?" అని అవతలి గట్టు నుంచి అరిచాడు మా అన్న హార్మెన్.

"పోయింది. తనే విప్పుకుంది."

"నీకంటే దానికే చేతనవును."

"చేతులు కూడా లేవు దానికి," అన్నాడు వోప్కె, మెచ్చుకోలుగా.

ఆయన భార్య రెన్స్కె పుట్టినరోజుకి వెళ్ళాం. కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. మా ఊరి ఆనవాయితీ ప్రకారం అందరం అందరికీ శుభాకాంక్షలు చెప్పి, కేకు ముక్క ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. వోప్కె ఆవిడ చేతిలో కాగితం చుట్టిన కానుక పెట్టాడు. పొడుగ్గా ఉంది. బరువుగా ఉంది.

"ఈసారి పట్కారు కాదు," అన్నాడు ముందుగానే.

ఆవిడ విప్పి చూసింది. కొక్కేలు తుంచే కత్తెర.

"నిజమే. పట్కారు కాదు," అంది రెన్స్కె. ఇప్పుడు దాంతో పాల డబ్బాలు తెరుస్తోంది.

మా అన్న సంగతి చెప్పాలి. హార్మెన్ చాలాకాలం మా చేపల సంఘానికి పెద్ద. సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. పట్టినవాడే విప్పాలి. ఒకరి చేప మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. విప్పడం రానివాడికి పట్టే హక్కు లేదని దాని అర్థం. ఆ కట్టుబాటు పెట్టింది హార్మెనే. దాని పేరు చెప్పి ఎంతోమందిని గట్టు మీంచి లేపి ఇంటికి పంపిందీ ఆయనే.

తర్వాత ఆయన చేతులకి వణుకు వచ్చింది.

ముందు కాఫీ ఒలికేది. కాఫీ ఒలికితే చూడనట్టు ఉండటం మా ఊళ్ళో మర్యాద. అందరం మర్యాదగా ఉన్నాం. ఆకులు రాలే రోజుల్లో ఆయన గాలానికి పెద్ద స్నూక్ పడింది. ఎప్పట్లాగే తడి పరుపు మీద పెట్టి, దవడ కింద వేలు దూర్చి, నోరు తెరిపించాడు. పట్కారు లోపలికి వెళ్ళింది. పళ్ళకి తగిలి టకటకమంది. జారింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ జారింది. మేమందరం జేబుల్లో చేతులు పెట్టుకుని చుట్టూ నిలబడ్డాం. కట్టుబాటు కట్టుబాటే. వోప్కె జేబులో పట్కారు ఉంది. అదీ బయటికి రాలేదు.

కొక్కెం చివరికి వచ్చింది. చేపని నీళ్ళలో పట్టుకుని చాలాసేపు ఆడించాడు హార్మెన్. అది వెల్లకిలా తిరిగి, తెల్లటి పొట్ట చూపిస్తూ, రెల్లు వైపు కొట్టుకుపోయింది. కనపడినంతసేపూ చూశాడు.

మర్నాడు గాలం కర్రలు, వల, సంచీ అన్నీ తెచ్చి నా కొట్టులో పడేశాడు.

"అమ్మెయ్ చెల్లాయ్."

"తొందరేముంది అన్నయ్యా? ఈ చలికాలం మానేసి చూడు. వసంతంలో ఆపే స్నూక్ వేట మళ్ళీ మొదలయ్యేది మే నెలాఖరుకి కదా."

"మే నెలాఖరుకి ఇవి నా కంటికి కనపడకూడదు."

ఇంటికి వెళ్ళి, కాలువ వైపు ఉన్న కుర్చీని టీవీ వైపు తిప్పుకున్నాడు. టీవీ పెట్టలేదు. నేను బఠానీ సూపు తీసుకెళ్తే రెండు చెంచాలు తాగి పక్కన పెట్టేవాడు. అమ్మకానికి ఉన్నాయని తెలిసి స్నేక్ పట్నం నుంచి ఒకాయన వచ్చి అన్నీ చూసుకుని, వేట మొదలయ్యే శనివారం సాయంత్రం వచ్చి పట్టుకుపోతానన్నాడు. సరే అన్నాను. అనకుండా ఉండటానికి నాకు కారణం దొరకలేదు.

ఆ శీతాకాలం వోప్కె పిచ్చి ముదిరింది. ముందు రెన్స్కె ఫోన్ చేసింది.

"బౌక్యె, మా ఆయన ఉతికే మెషిన్ ఎక్కాడు."

"ఎందుకు?"

"బట్టలు పిండుతుంటే దాని మీద కూర్చున్నాడు. ఒళ్ళో రై రొట్టె. రొట్టెలో కొక్కెం. పట్కారుతో లాగుతున్నాడు."

"వచ్చిందా?"

"కొక్కెం రాలేదు. రొట్టె వచ్చింది. గోడకి."

తర్వాత ఊరి మీద పడ్డాడు. రొట్టెలు కాల్చే హిల్కె చేత పిండి చేతులతో పట్కారు పట్టించాడు. ప్రార్థన అయ్యాక గుమ్మంలో పాస్టరమ్మకి అందరూ చెయ్యి కలుపుతుంటే, ఈయన ఆవిడ చేతిలో పట్కారు పెట్టాడు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకుని కూడా జేబులోంచి తీసి ఇచ్చాడట. "ఇది మీ నోటికి పెద్దదవుతుందండీ," అన్నాడట డాక్టరు. "నా నోటికి కాదు, మీ చేతికి ఎలా ఉంది?" అన్నాడట ఈయన. నోరు తెరిచే ఉంది కాబట్టి డాక్టరుకి అర్థం కావడానికి కొంత టైము పట్టింది. వోప్కె దూరం నుంచి కనపడితే జనం చేతులు జేబుల్లో పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఇలా అందరి వంతూ అయ్యాక హార్మెన్ వంతు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, సూపు గిన్నెతో.

"ఊరంతా చూశారు. నువ్వే మిగిలావు," అన్నాడు వోప్కె.

"నాకు పట్కార్లతో పనిలేదు."

"నాకుందిగా. ఒకసారి పట్టుకుని చెప్పు. పాస్టరమ్మ బాగుందంది. ఆవిడ మాట ఎలా నమ్మను? ఆవిడ అందర్నీ బాగున్నారంటుంది."

హార్మెన్ తీసుకున్నాడు. అది ఆయన చేతిలో వణికింది. నేను సూపు వైపు చూశాను. వోప్కె కిటికీ వైపు చూశాడు.

"ఈకలా ఉందిరా ఇది. కాస్త బరువుండాలి. బరువుంటే చెయ్యి నిలుస్తుంది."

"అలాగా?" అన్నాడు వోప్కె, ఆ సంగతి ఇప్పుడే విన్నట్టు.

కొన్నాళ్ళకి పిడిలో సీసం పోసుకుని వచ్చాడు. "ఒరేయ్, పిడి ఇంత సన్నమైతే పట్టేదెలా?" అని తిట్టాడు హార్మెన్. బెండు చుట్టి, లావు చేసి తెచ్చాడు. "బిగిస్తే పట్టు వదలకూడదురా మొద్దూ. నేను మళ్ళీ నొక్కితేనే వదలాలి." దానికీ ఏదో గడియ పెట్టించాడు. "పొడుగు పెంచు. చెయ్యి మోకాలికి ఆనించుకోవాలి. ఇన్నేళ్ళు గట్టు మీద ఏం చేశావురా నువ్వు?"

"గుడ్డ పరిచేవాణ్ణి," అన్నాడు వోప్కె.

మా అన్న తిట్లు వీధిలోకి వినపడేవి. తిట్టడం మొదలయ్యాక ఆయనకి ఆకలి పుట్టింది. సూపు గిన్నెలు ఖాళీగా వెనక్కి రావడం మొదలైంది.

మే చివరి శనివారం వచ్చింది. పొద్దున్నే ఇద్దరూ కొట్టులోకి వచ్చారు, వాదించుకుంటూ.

"బతికున్న చేప మీద చూడాలి హార్మెన్. రొట్టెతో ఎన్నాళ్ళు? నాకేమో చేప పడదు. ఊరందరికీ తెలుసు."

"పడేవాణ్ణి అడుగు."

"అడగొచ్చు. పట్టినవాడే విప్పాలాయె. ఇది నువ్వు చెప్పినట్టు చేసిన పట్కారు. వేరేవాళ్ళ చేతికి ఇది సుత్తి. విప్పలేకపోతే చేప పోతుంది. ఎవరి పాపం?"

హార్మెన్ చాలాసేపు గోడ వైపు చూశాడు. తను పెట్టిన కట్టుబాటులో సందు ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతున్నట్టుంది.

"ఒక్కటి," అన్నాడు. "నీ కోసం."

"నా కోసమే," అన్నాడు వోప్కె.

"బౌక్యె, నా కర్ర, వల, సంచీ ఇలా ఇయ్యి. అద్దెకనుకో. సాయంత్రానికి స్నేక్ ఆయన వచ్చేలోపు తెచ్చి పెడతా."

ఆ రోజు కొట్టు మూసేశాను. కొనేవాళ్ళందరూ గట్టు మీదే ఉంటారు. రెన్స్కె ఫ్లాస్కుతో వచ్చి నా పక్కన కూర్చుంది. వోప్కె తడి పరుపు పరుస్తున్నాడు. దాని పక్కన పట్కారు ఒకటే పెట్టాడు. గుడ్డ పరచలేదు.

"మొత్తానికి మీ ఆయనకి ఒక పట్కారు కుదిరింది," అన్నాను.

"మా ఆయన చేతులు చూశావా? గూటాల్లా ఉంటాయి, కదలవు. అదిరే ఆ మెషిన్ మీద కూర్చున్నది ఎవరి చేతుల సంగతి తెలుసుకోవడానికి అనుకున్నావు?"

నేను కాఫీ తాగడం ఆపాను.

"మరి ఊరందరి చేతా పట్టించడం దేనికి?"

"ఒక్కడి చేత పట్టిస్తే ఆ ఒక్కడికి తెలిసిపోదూ?" అంది రెన్స్కె. బిస్కెట్ల డబ్బా మూత తీసి ఒకటి ఇచ్చి, మూత పెట్టేసింది.

మధ్యాహ్నం దాటాక హార్మెన్ గాలం కర్ర వంగింది. చిన్న చేపేం కాదు. ఓపిగ్గా లాక్కొచ్చి వలలోకి తీసుకుని, పరుపు మీద పెట్టి, పక్కన ఒక మోకాలి మీద కూర్చున్నాడు. అందరి చేతులూ జేబుల్లోకి వెళ్ళాయి. వోప్కె ఎటో చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

దవడ కింద వేలు. నోరు తెరుచుకుంది. పట్కారు ఎత్తాడు. వణికింది. మోచెయ్యి మోకాలికి ఆనించాడు. ఇంకా వణికింది, కానీ నెమ్మదిగా, పడవ ఊగినట్టు. లోపలికి పోయింది. పళ్ళకి ఒకసారి తగిలింది. రెన్స్కె నా చెయ్యి పట్టుకుంది. టక్కుమని బిగిసింది. ఇప్పుడు చెయ్యి ఎంత వణికినా పట్కారు కొక్కేన్ని వదలదు. హార్మెన్ మణికట్టు తిప్పాడు. కొక్కెం వచ్చేసింది.

నీళ్ళలో పెట్టగానే స్నూక్ ఆయన మొహాన తోకతో నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది. పొట్ట చూపించలేదు. వీపు కూడా సరిగా చూపించలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ఊళ్ళో కొట్టరు. హిల్కె మాత్రం గట్టిగా ముక్కు చీదుకున్నాడు.

హార్మెన్ మొహం తుడుచుకుని పట్కారుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎలా ఉంది?" అన్నాడు వోప్కె.

"పర్లేదు. నువ్వు చేసిన దానికి."

సాయంత్రం నేను కొట్టు తెరిచేసరికి మా అన్న గుమ్మంలో ఉన్నాడు. స్నేక్ ఆయన ఇంకా రాలేదు. హార్మెన్ లోపలికి వచ్చి, గోడనున్న తన గాలం కర్రలు ఒక్కొక్కటే దింపడం మొదలుపెట్టాడు.

"ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పు బౌక్యె. ఇవి ఇంకొన్నాళ్ళు కావాలి."

"దేనికి అన్నయ్యా?"

"వోప్కె కోసం. చూశావుగా, వాడికొక్కడికీ ఏదీ చేతకాదు. ఆ పట్కారు కూడా నా సంచీలో మర్చిపోయి వెళ్ళాడు. పనిముట్టు మర్చిపోయే మనిషి కాదు, పాపం. పెద్దతనం మీద పడుతోంది వాడికి. దగ్గరుండి చూసుకోవాలి."

"చూసుకో అన్నయ్యా," అన్నాను.

ఒక చంకలో కర్రలు, ఇంకో చంకలో వల, భుజాన సంచీ. నేనే వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన చేతులు ఖాళీగా లేవు.