దొర చెప్పిందొకటి

తిరుమంగళానికి ఒక పూట నడక దూరంలో, కరిసల్ అని ఆ పక్క పిలిచే నల్లరేగడి చేల నడుమ కాంతమ్మాళ్ కాపురం. ఆమె మొగుడు పెరుమాళ్‌సామి నాయకర్ రెండేళ్ళు బండ పగలగొట్టి బావి తవ్వాడు. నీళ్ళు పడిన ఏడే వాంతిభేదికి పోయాడు. కొడుకు చెన్నకేశవన్‌కి అప్పుడు ఆరేళ్ళు. ఆడది ఎడ్లు కట్టి, నీళ్ళు తోడే కపిల తోలడమేమిటని ఊరు నోరు నొక్కుకుంది. కాంతమ్మాళ్ కొంగు బిగించి ఎడ్ల వెనక నడిచింది. చుట్టూ అందరి చేలూ వానకోసం ఆకాశం చూస్తుంటే, ఆమె మూడెకరాల్లో మాత్రం ఎండాకాలంలోనూ పచ్చగా కేప్పై, అంటే రాగి పైరు, ఉండేది.

ఆ నీళ్ళతోనే కొడుకును మదురలో చదివించింది. వాడు మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే నాయకర్ల ఇళ్ళలో అంతవరకు ఎవరూ ఆ మాట పలకడం కూడా ఎరగరు. బడి పంతులు, చెన్నపట్నంలో పెద్ద కాలేజీ ఉంది, అక్కడ చదివితే తాసిల్దారు కావచ్చు అన్నాడట. ఫీజు, బస, తిండి కలిపి నాలుగేళ్ళకు ఎంతవుతుందో కొడుకు లెక్కచెప్పాడు.

"ఏమిరా, ఆ కాలేజీలో బంగారం నూరి తాపుతారా?"

"పెద్దోళ్ళ పిల్లోళ్ళు చదివే చోటమ్మా. అంతే అవుతుంది."

ఆ డబ్బు రావాలంటే బావి చేను అమ్మాలి. వేరే దారి లేదు. తిరుమంగళం పత్తి వ్యాపారి ఆండియప్ప కొంటానన్నాడు. వారం రోజులు ఆమెకు అన్నం సహించలేదు. చివరికి ఒక తెల్లవారుజామున కొడుకును లేపింది.

"ఎద్దును కొనేముందు పండ్లు పట్టి చూస్తాం గదా. కాలేజీని చూడకనే చేనెట్ల అమ్మేదిరా? పద, చూసి వస్తాం."

అది 1876 తై నెల, సంక్రాంతి దాటిన రోజులు. మదురకు రైలు వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇద్దరూ ఈరోడ్డులో బండి మారి చెన్నపట్నం చేరారు. ఎర్ర ఇటుకల మేడ, గుర్రాల బండ్లలో దిగుతున్న పిల్లలు, వాళ్ళ కాళ్ళకు మెరిసే బూట్లు. ఆమె చెప్పులు లేని కాళ్ళతో ఆ చల్లటి నేలమీద నడవడానికే జంకింది.

కాలేజీ పెద్ద దొర తెల్లగడ్డం ముసలాయన. చెన్నకేశవన్ మార్కుల కాగితం చూసి తల ఊపాడు. తర్వాత పిల్లవాడి చేతనే అడిగించాడు: ఎంత భూమి, బావి ఎంత లోతు, నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి? ఆమె చెప్పింది. దొర చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఆయన గొంతు బొంగురుపోయింది. కిటికీ వైపు చూసి కాసేపు ఆగి, మళ్ళీ మాట్లాడాడు.

"ఏమంటాడురా?"

"ఇట్లాంటి తెలివైన పిల్లోడు దొరకడంట. చేను పోతే పోనీ, వీడు పది చేలు కొంటాడు, అమ్మేయమంటాడమ్మా."

అంత పొడుగు మాటకు ఇంత కురచ అర్థమా అనుకుంది ఆమె. ఇంగ్లీషు అట్లాంటి భాష కాబోలు అని సర్దుకుంది. రెండు చేతులెత్తి దణ్ణంపెట్టి బయటికొచ్చింది. మనసులో అప్పుడే చేను అమ్మేసింది.

తలుపు దగ్గర బంట్రోతు దురైసామి నిలబడి ఉన్నాడు. నెల్లూరు వైపు మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆ తలుపు కాచి, అక్షరం రాకపోయినా ఇంగ్లీషంతా చెవితోనే పట్టినవాడు. ఆమె తెలుగు వినగానే ముఖం విప్పారింది.

"అమ్మా, దొరగారు ఇంత నిజం ఎవరికీ చెప్పగా నేను వినలేదు. ఆయన మాట వినండి. చేను అమ్మకండి."

"ఏమంటివి నాయనా?"

"ఇప్పుడు లోపల చెప్పారు గదమ్మా! నీళ్ళున్న చేను అమ్మి ఈ చదువు కొనొద్దనీ, ఇక్కడ చదివినవాళ్ళలో సగంమంది కచేరీల్లో నకళ్ళు రాసుకుంటున్నారనీ. ఏడాది ఆగి స్కాలర్‌షిప్పు పరీక్ష రాస్తే ఫీజు లేకుండా చేర్చుకుంటామన్నారు. దొరగారి నాయన ఆవుల్ని అమ్మి ఆయన్ని చదివించాడంట. అది చెప్తూ గొంతు ఎట్లా అయిపోయిందో చూశారు గదా!"

కాంతమ్మాళ్ చెవుల్లో కపిల గిలక తిరిగినట్టు హోరు. కొడుకు వైపు చూసింది. వాడు స్తంభానికి ఆనుకుని, పాలిపోయిన ముఖంతో నేల చూస్తున్నాడు. తొమ్మిది నెలలు మోసిన బిడ్డ, తన కళ్ళెదుటే, తన భాషలోనే తనను ముంచాడు. అరవాలనుకుంది. చివరికి దురైసామి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రా నాయనా. మళ్ళా లోపలికి పోవల. ఈసారి నువ్వు చెప్పు."

జరిగింది తెలిసి దొర ముఖం కందగడ్డ అయింది. ఇట్లాంటివాణ్ణి ఈ కాలేజీలో ఎప్పటికీ చేర్చుకోనన్నాడు. దురైసామి ఆ మాట ఆమెకు తెలుగులో చెప్పాడు. కొడుకు మీది కోపంతో వచ్చింది గాని, వాడి బతుకుకే తలుపు మూసుకుంటుందని ఆమె అనుకోలేదు.

"దొరా, వాడు అబద్ధం చెప్పింది నాకు. నీకు కాదు. వాడికి శిక్ష నేను వేస్తాను. నీ వాకిలి మూయొద్దు."

దురైసామి తటపటాయించి, ఆ మాట అట్లాగే అప్పజెప్పాడు. దొర మార్కుల కాగితం మళ్ళీ అడిగి చూశాడు. పరీక్షలో గెలిచి రమ్మను, ఈ సంగతి మళ్ళీ ఎత్తను అన్నాడు. ఆమె గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఆవులమ్మిన మీ నాయన్ని మళ్ళా చూస్తివా?"

దొర తల అడ్డంగా ఊపాడు. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. దొరలు దొరలుగానే పుడతారనుకుంది ఆమె అంతవరకు.

తిరుగు దారిలో తల్లీకొడుకులు ఈరోడ్డులో బండి మారారు.

"ఎందుకురా?" అంది చివరికి.

"నిజం చెప్పింటే నన్ను పంపుతావా?"

"పంపను."

"అందుకే."

ఆ ఒక్కమాట చాలా ఏళ్ళు ఆమె లోపల ముల్లులా ఉండిపోయింది.

ఇంటికి చేరేసరికి ఆండియప్ప స్టాంపు కాగితంతో అరుగుమీద కూర్చుని ఉన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపేసింది. చెన్నకేశవన్ నాలుగు నెలలు ముఖం చూసి మాట్లాడలేదు.

ఆ ఏడు వాన పడలేదు. మరుసటి ఏడూ పడలేదు. ధాతు కరువది. తిరుమంగళం దారిలో మనుషులు నడుస్తూ నడుస్తూ పక్కకు ఒరిగిపోయేవాళ్ళు. ఎడ్లు చచ్చాయి. బావిలో నీళ్ళు అడుగంటితే తల్లీకొడుకులే దిగి ఇంకో నిలువు తవ్వారు. చెన్నకేశవన్ అరచేతుల తోలు ఊడింది. ఆ కాసిని నీళ్ళతో పండిన కంబును, అంటే సజ్జల్ని, గంజి కాచి పక్కింటి నాగమ్మాళ్ పిల్లలకూ పోశారు. అదే సమయంలో ఆండియప్ప తాను కొన్న బావుల చుట్టూ కాపలా పెట్టి కుండకింత అని అమ్ముతున్నాడని తెలిసి, కాంతమ్మాళ్ ఉన్నచోటే కూర్చుండిపోయింది. ఆ బావుల్లో తనదీ ఒకటయ్యేదే.

కరువు పోయాక చెన్నకేశవన్ పరీక్ష రాశాడు. మొదటిసారి తప్పాడు. రెండోసారి గెలిచి చెన్నపట్నం వెళ్ళాడు. ఫీజు లేదు, తిండికి చేను పంపింది. రెండేళ్ళు బాగానే చదివి, బి.ఏ. రెండుసార్లు తప్పి ఇంటికొచ్చాడు. తిరుమంగళం బళ్ళో ఇరవై రూపాయల పంతులయ్యాడు. తాసిల్దారు కాలేదు. సాయంత్రాలు వచ్చి కపిల తోలేవాడు.

చాలా ఏళ్ళ తర్వాత నాగమ్మాళ్ తన మనవణ్ణి ఆ కాలేజీకి పంపాలనుకుని అడగడానికొచ్చింది.

"ఏమక్కా, అంత డబ్బు పోసేదానికి తగునా ఆ చదువు?"

కాంతమ్మాళ్ తీసిన పత్తిని ఒడిలో వేసుకుంది.

"నేను డబ్బు పోయలేదు గదే. నాకెట్ల తెలుస్తుంది?"