పాత బ్రౌజర్‌లో కదలని నీళ్లు

వానాకాలంలో కంప్యూటర్ ఆన్ చేయగానే వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. ఇవాళ పొద్దున్న ఆ వాసనకే సుశీల గారు గుర్తొచ్చారు.

ఏలూరులో, కాలువల నీటిమట్టాలు చూసే ఒక చిన్న ఆఫీసులో నేను కాంట్రాక్టు ఆపరేటర్‌గా చేరేనాటికి ఆవిడ సూపరింటెండెంట్. దెందులూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఎగువన నీటిమట్టం కొలిచే గేజి దగ్గరుండే రాజారావు గారు గంటగంటకీ ఫోన్‌లోంచి మట్టం పంపితే, అది మా కంప్యూటర్‌లో ఒక పేజీ మీద కనబడేది. దాన్ని చూసి కొల్లేరు లంక గ్రామాలకు కబురు చెప్పడం మా పని. ఆ ఏడాది కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఎప్పుడో తయారైన ఆ పేజీ కొత్త బ్రౌజర్‌లో తెరుచుకోలేదు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మెకానిక్ ఒక పాత బ్రౌజర్ ఎక్కించి, తాను పాత విండోస్‌లోనే ఉన్నానని అది నమ్మేలా సెట్టింగు మార్చి వెళ్లాడు. పేజీ వచ్చింది. ఇది సురక్షితం కాదన్న హెచ్చరిక కూడా రోజూ వచ్చేది. నేను చదవకుండానే నొక్కేసేదాన్ని. పని నడుస్తోంది కదా అని దాన్ని పూర్తిగా నమ్మేయవద్దని సుశీల గారు చెబుతూనే ఉండేవారు.

ఒకరోజు తెల్లవారింది మొదలు ఒకటే వాన. పదకొండింటికి ఆవిడ నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఎనిమిదింటి నుంచీ తెర మీద ఒకటే అంకె. నిలకడగా ఉందండీ అన్నాను.

"ఇంత వానకి నీళ్లు కదలకుండా ఎలా ఉంటాయమ్మా?"

ఆవిడే గేజికి ఫోన్ కలిపారు. మూడోసారికి రాజారావు గారు ఎత్తారు. "రెండడుగులు పైకొచ్చేసిందండీ. పొద్దుటి నుంచీ పంపుతూనే ఉన్నాను కదండీ."

బ్రౌజర్ తనలో దాచుకున్న పొద్దుటి పేజీనే మళ్లీ మళ్లీ చూపించింది. చేపల చెరువుల గట్ల మీద పాకల్లో కాపలా కుటుంబాలుంటాయి. ఇద్దరం నంబర్లు పంచుకుని వరసగా ఫోన్లు చేశాం. ఆవిడ గొంతు స్థిరంగానే ఉంది. మధ్యాహ్నానికి అందరూ మెరక మీదున్న బడికి చేరారు, ఒక జంట తప్ప. పాక కప్పు మీద కూర్చున్న వాళ్లను పడవలో తెచ్చారని నాలుగింటికి తెలిసేదాకా మేమిద్దరం మంచినీళ్లైనా ముట్టలేదు.

అప్పుడు నాకు నా ఉద్యోగం గురించిన భయం పట్టుకుంది. బ్రౌజర్‌లో అంతా చెరిపేసి, ఫోన్లు కలవలేదని రిపోర్టులో రాద్దామండీ అన్నాను. సుశీల గారు కోప్పడలేదు.

"భయం నాకూ ఉందమ్మా. కానీ ఆ మూడు గంటల సంగతి రాయకపోతే, రేపు ఇంకొకళ్లు ఇలాగే ఆ పేజీ చూస్తూ కూర్చుంటారు."

ఉన్నదున్నట్టు రాసి, కింద తన పేరు ఒక్కటే పెట్టారు. ఆవిడకు మెమో వచ్చింది. రావలసిన ప్రమోషన్ రాలేదు. నెల తిరక్కుండా ఆ పేజీని మాత్రం మార్చారు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు అంతా కొత్తదే, బాగానే పనిచేస్తుంది. అయినా వాన పట్టిందంటే నాకు తెర మీద నమ్మకం కుదరదు. గంటకోసారి గేజికి ఫోన్ చేసి, కళ్లతో చూసే చెబుతున్నారా అండీ అని అడుగుతాను. అవతలివాళ్లు విసుక్కుంటారు. అవునండీ అన్న మాట వినేదాకా ఫోన్ పెట్టను.